కంబళి మడత దగ్గర కొలత

బి.కొత్తకోట దాటారు. కొండెక్కే ఘాట్‌రోడ్డు ఇంకా మొదలవలేదు. మార్గశిరం, తెల్లారి గంటయినా మంచు విడవలేదు. ఊరివాళ్ల ఏనుగుమల్లమ్మ కొండ, కడప కలెక్టరు హార్స్‌లీ బంగళా కట్టుకున్నాక ఆయన పేరు మోస్తున్న కొండ, ఎదురుగా ఉన్నా ఆనవాలు లేదు. మీ చేతిలో పాత కెమెరా, లోపల 400 ఐఎస్ఓ బ్లాక్ అండ్ వైట్ రీలు.

ముందు మెడగంటలు వినిపించాయి. తర్వాత గొర్రెలు, వాటి వెనక నల్లకంబళి కప్పుకున్న పెద్దాయన.

మీటరు 1/500, ఎఫ్ 11 అంటోంది. నమ్మకండి. దానికి కనబడుతున్నదంతా మంచే. తెల్లది చూపినా నల్లది చూపినా నడిమి బూడిదరంగు చేసేదాకా అది ఊరుకోదు.

"తాతా, రవ్వంతసేపు నిలబడతావా?"

"నేను నిలబడతాలేప్పా. గొర్రెలు నిలబడాల గదా!"

దగ్గరికెళ్లి ఆయన భుజం మీది మడతను మాత్రమే కొలవండి. బిరుసు ఉన్ని, పోగుల కొసన మంచుబొట్లు. 1/60, ఎఫ్ 5.6. ఇదీ బూడిద కొలతే. కంబళి నల్లగానే పడాలి, పోగులూ కనబడాలి. రెండు స్టాపులు తగ్గించి 1/250 పెట్టండి. 1940 ప్రాంతంలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కూర్చిన జోన్ సిస్టంలో ఇది మూడో జోను. ఊటీ ఫ్యాక్టరీ 'ఇందు' రీళ్లయినా, ఇప్పటి ఇల్‌ఫర్డ్ అయినా లెక్క ఇదే.

మొదటి కొలతతోనే నొక్కేసి ఉంటే కంబళికి మూడు స్టాపుల వెలుగు తగ్గేది. నెగటివ్‌లో ఆ చోటు ఖాళీ. ఏమీ పడని చోట ఏ మందు పోసినా పోగు లేచిరాదు. మంచు సంగతి వేరు. కంబళి కన్నా అయిదు స్టాపులు పైన, ఎనిమిదో జోనులో, ఉత్త తెల్లకాగితానికి కాస్త ఇవతల ఉంది. డెవలపరులో నిమిషాలు తగ్గిస్తే అది కిందికి దిగుతుంది.

నొక్కారు.

"అయిపాయనా?"

"ఇంకొక్కటి తాతా."

చిక్కల్లా 35 ఎంఎం రీలుతోనే. 36 బొమ్మలకూ డెవలపింగ్ ఒకటే. అల్లంత దూరాన మంచులో సగం కరిగిన చింతచెట్టు ఊరిస్తోంది గానీ, అందులో నలుపే లేదు. నిమిషాలు తగ్గించిన రీల్లో అది చప్పగా తేలుతుంది. డబ్బా మీద 'డెవలపింగ్ తక్కువ' అని రాసుకుని, చెట్టును వదిలేసి మంద వెనకే నడవండి.