దుమ్ముగూడెం అరుగు మీద ఒక ఆట

1998 వర్షాకాలంలో గోదావరి పొంగి, అప్పటి ఖమ్మం జిల్లాలోని దుమ్ముగూడెంలో మూడు రోజులు చిక్కుపడిపోయాను. ఆ తీరిక పుణ్యమా అని ఒక ఇంటి అరుగు మీద ఒక పెద్దాయనతో చదరంగం ఆడే భాగ్యం కలిగింది.

ఆయన పెరిగినది నాటు చదరంగంలో. అందులో బంటుకు మొదటి ఎత్తులో సైతం ఒక్క గడే; కోట కట్టడం లేదు, బదులుగా రాజు ఒక్కసారి గుర్రంలా దూకవచ్చును. నేను అంతర్జాతీయ నియమాలే కావాలని పట్టుబట్టాను. ఆయన ఒప్పుకున్నారు గాని, "బంటుకు అంత తొందరెందుకు బాబూ?" అంటూ రెండు గడుల హక్కును ఆట ముగిసేదాకా వాడుకోలేదు.

తెల్లపావులు ఆయనవి. రాజువైపు గుర్రం ముందరి బంటును ఒక్క గడి జరిపి, ఆ సందులో శకటును కూర్చోబెట్టారు. నేను నడిమి గడులను రెండు బంటులతో ఆక్రమించి లోలోపల నవ్వుకున్నాను. ఆయన మరో పక్కనుంచి ఇంకొక బంటును రెండు విడతలుగా నడిపి, నా నడిమి బంటును పక్కకు లాగారు. ఐమూల దారి తెరుచుకుంది. నా శకటును అప్పటికే బయటికి పంపివేశాను గనుక, మూలనున్న నా ఏనుగుకు దిక్కు లేకపోయింది.

ఇటలీవారు ఈ అమరికను ఫియాంకెట్టో అన్నారు. చిన్నపక్క అని అర్థం. పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపాలో నడిమి గడులను బంటులతో పట్టుకోవడమే ఆటకు పునాది. కానీ కలకత్తాలో జాన్ కొక్రేన్ అనే స్కాటిష్ న్యాయవాదికి ప్రత్యర్థియైన మహేశచంద్ర బెనర్జీ శకటును పక్కనుంచే నడిపేవాడు. ఒక్కొక్క గడిగా కదిలే బంటులతో నేర్చినవానికి అది సహజమే కదా! 1855లో ఆయన నల్లపావులతో ఆడిన ఒక పద్ధతికి నేడు గ్రున్‌ఫెల్డ్ పేరుంది. ఆ ఆస్ట్రియా ఆటగాడు దానిని బరిలోకి తెచ్చింది 1922లో! 1924లో న్యూయార్కులో రేటీ పక్కవాటు ఎత్తులతోనే కాపాబ్లాంకాను ఓడించినప్పుడు లోకం దానిని నవ్యమార్గమన్నది.

బెనర్జీ ఆటలు నేటికి నిలిచాయంటే కొక్రేన్ వాటిని వ్రాసిపెట్టినందువల్లనే. అరుగు మీది ఆటలో నేను చేయవలసిన పని అదే. చేతి సంచిలో కలమూ కాగితమూ రెండూ ఉన్నాయి. ఓడిన ఉక్రోషంలో వాటిని తీయలేదు. మొదటి నాలుగైదు ఎత్తులు తప్ప, ఆ ఆట నాకిప్పుడు గుర్తు లేదు.