గోటికింది సూది



ఛందస్సు గురించీ సమాసాల గురించీ రాసుకుంటూ కూర్చున్నవాణ్ణి ఉన్నట్టుండి వైద్యశాస్త్రంలోకి ఎందుకు దిగానా అని మీకు అనుమానం రావచ్చు. తెలుగు పండితుడికి కంతుల చరిత్రతో పనేమిటని మా అబ్బాయి కూడా అడిగాడు. పని ఉంది. నింపాదిగా చెబుతాను.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్న సామెత ఎరుగని తెలుగువాడు ఉండడు. గోరుచుట్టు అంటే గోటి అంచున మాంసం వాచి, ఎర్రబడి, చీము పట్టడం. అది ఎదుటివాడి కంటికి కనిపిస్తుంది. కనిపిస్తుంది గనుకనే అయ్యో అంటాడు, నిమ్మకాయ తొడగమని సలహా చెబుతాడు. సుశ్రుతుడు కూడా క్షుద్రరోగాలలో చిప్పమనీ కునఖమనీ రెండు గోటి వ్యాధులను పేర్కొన్నాడు. మొదటిది గోటిచుట్టూ మాంసం పాకానికి రావడం. రెండవది దెబ్బ తగిలిన గోరు నల్లబడి గరుకెక్కడం. ఇవి రెండూ కూడా కంటికి ఆనేవే. నేను చెప్పబోయే వ్యాధి అటువంటిది కాదు. వేలు వాచదు, చీము పట్టదు, జ్వరం రాదు. గోరు చూస్తే నిక్షేపంగా ఉంటుంది. లోపల మాత్రం మనిషి ప్రాణం తోడేస్తుంది.

2006 ధనుర్మాసంలో మా ఇంటావిడకు ఎడమచేతి ఉంగరపు వేలి గోటికింద ఇది మొదలైంది. తెల్లవారుజామున వాకిట్లో నీళ్ళు చల్లేవేళ చన్నీళ్ళు తగిలితే చాలు, మోచేతిదాకా పోటు. "ఏమండీ, గోటికింద ఎవరో సూది దించుతున్నట్టుంది" అనేది. నేను కళ్ళద్దాలు పెట్టుకుని వేలు అటూ ఇటూ తిప్పి చూశాను. ఏమీ కనిపించలేదు. ఏమీ లేదని చెప్పాను. ఆ తరువాత ఎనిమిదేళ్ళలో ఆవిడ చూపించుకున్న వైద్యులూ ఇంచుమించు అదే మాట అన్నారు. ఒకరు నరాల బలహీనత అన్నారు, ఒకరు మెడ ఎముకల అరుగుదల అన్నారు, ఒకరు ఆవిడను బయట కూర్చోబెట్టి, ఇంట్లో ఏమైనా చికాకులున్నాయా అని నన్ను అడిగారు. ఎక్స్‌రేలో ఏమీ తేలలేదు. ఆవిడ ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టడం మానేసింది. ఆ వేలికి చీరచెంగు చుట్టుకుని తిరిగేది. పనికి వంక అని నేను పైకి అనలేదు గాని, మనసులో అనుకోలేదని మాత్రం ఇక్కడ రాయలేను.

ఈ బాధను మొట్టమొదట కాగితం మీద పెట్టినవారిలో ముఖ్యుడు ఎడింబరో నగరపు శస్త్రవైద్యుడు విలియం వుడ్. అక్కడి మెడికల్ అండ్ సర్జికల్ జర్నల్‌లో 1812లో ఆయన రాసిన వ్యాసం ఈ చరిత్రకు మొదటి పుట. చర్మం కింద బఠాణీ గింజకన్న పెద్దవి కాని చిన్న గడ్డలు, వాటి పరిమాణంతో ఏమాత్రం పొంతన లేని బాధ, వేడికీ చలికీ కలిగే విపరీతమైన స్పందన, వీటన్నిటినీ కలిపి ఆయన 'బాధపెట్టే చర్మాధోగ్రంథి' అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆయన వర్ణించినవన్నీ మనం చెప్పుకుంటున్న కంతులే కాకపోవచ్చు, చర్మం కింద నొప్పి పుట్టించే గడ్డలు మరికొన్ని జాతులవీ ఉన్నాయి. అయినా ఆయన చేసిన మేలు ఒకటుంది. గడ్డ చిన్నది గనుక బాధ చిన్నదే అయివుండాలన్న తర్కాన్ని ఆయన ఒప్పుకోలేదు. రోగి మాటను ముందు నమ్మి, ఆ తరువాత కత్తి పట్టాడు. అది మత్తుమందు లేని కాలమని గుర్తుంచుకోవాలి. ఈథరు మత్తు లోకానికి తెలిసింది 1846లో. కొకెయిన్‌తో ఒక్క అవయవాన్నే మొద్దుబార్చవచ్చునని వియన్నాలో కార్ల్ కోల్లర్ చూపించింది 1884లో. మెలకువగా ఉండగానే కత్తికి శరీరాన్ని అప్పగించడానికి సిద్ధపడ్డారంటే ఆ రోగులు అప్పటికి ఎంత అనుభవించి ఉండాలి!

వుడ్ చూసింది బాధను. ఆ గడ్డ ఏ ధాతువునుంచి పుట్టిందో ఆయనకు తెలియదు, తెలిసే సాధనమూ లేదు. సూక్ష్మదర్శిని కింద ఇటువంటి కంతిని పరీక్షించి 1878లో కొలాచెక్ అనే వైద్యుడు దానిని రక్తనాళాల సార్కోమా కోవలో చేర్చాడు. సార్కోమా అంటే ప్రాణాంతకమైన పుట్టకురుపు. నిరపాయకరమైన గోరంత గడ్డకు ఆ పేరు తగిలిస్తే వైద్యుడి కత్తి గోటిదగ్గర ఆగుతుందా? పేరులో ఏముందని అనేవారికి నేను ఈ సంగతి చెప్పదలచాను.

అసలు రహస్యం కంతి గురించి వెదికినవారికి దొరకలేదు, ఆరోగ్యమైన వేలిని పరీక్షించినవారికి దొరికింది. మనం బళ్ళో ఏం చెబుతాం? ధమనినుంచి రక్తం కేశనాళికల్లోకి, అక్కడినుంచి సిరలోకి పోతుందని చెబుతాం. అయితే చేతులు, పాదాలవంటి చోట్ల ధమనినుంచి సిరకు నేరుగా అడ్డదారులున్నాయని 1862లో పారిస్‌లో సుకే రాశాడు. వార్సాకు చెందిన హోయర్ 1877లో దానిని స్థిరపరిచాడు. పొలం కాలువకు తూములాంటివి ఈ అడ్డదారులు. తూము తెరుచుకుంటే వెచ్చని రక్తం వేళ్ళ కొసల్లో జోరుగా పారుతుంది, మూసుకుంటే తగ్గుతుంది. ఒంటి వేడిని కాపాడుకోవడానికి ప్రకృతి చేసుకున్న ఏర్పాటు ఇది. వేళ్ళ కొసలలో, ముఖ్యంగా గోళ్ళకింద, ఇవి దట్టంగా ఉంటాయి. ఒక్కొక్క తూము చుట్టూ కండర కణాలూ సన్నని నరాలూ అల్లుకుని ఉంటాయి.

ఈ అల్లికకూ ఆ కంతికీ చుట్టరికం కలిపినవాడు పియేర్ మాసన్. ఫ్రెంచివాడు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత అల్సాస్ ప్రాంతం జర్మనీ చేతినుంచి తిరిగి ఫ్రాన్సుకు వచ్చినప్పుడు స్ట్రాస్‌బూర్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైనాడు. ప్రయోగశాలల్లో నేటికీ వాడుతున్న మూడు రంగుల అద్దకం ఈయన పేరు మీదనే ఉంది. అదే ఊళ్ళో నరాలవైద్యుడు బారే ఉండేవాడు. గియాన్-బారే అన్న జబ్బు పేరు వినివుంటారు, ఆ బారేయే. గోటికింద భరించరాని నొప్పితో వచ్చే రోగులను బారే పరీక్షించేవాడు, తీసిన కంతులను మాసన్ సూక్ష్మదర్శిని కింద చూసేవాడు. బాధ ఒకరి వాటా, ధాతువు ఇంకొకరి వాటా. ఈ ఇద్దరూ ఒకే ఊళ్ళో కలవబట్టే పని జరిగిందని నా నమ్మకం. 1924లో మాసన్ తన నిర్ణయం ప్రకటించాడు. ఈ కంతిలో కొత్త పదార్థమేదీ లేదు, ఆరోగ్యవంతుల వేలికొసన ఉండే ఆ తూమే, దాని కండర కణాలే, దాని నరాలే, కొలత తప్పి పెరిగాయి అన్నాడు. దానికి గ్లోమస్ కంతి అని పేరు పెట్టాడు.

లాటిన్‌లో గ్లోమస్ అంటే నూలు ఉండ. రక్తనాళం చుట్టలు చుట్టుకుని దారపు ఉండలా కనిపించడంవల్ల ఆ పేరు. దీనిని తెలుగులో 'ఉండకంతి' అంటే బాగుంటుందని నాకు తోచింది. మీలో పదనిర్మాణం మీద ఆసక్తి ఉన్నవారు ఇంతకన్న మంచి మాట చెబితే సంతోషంగా దీనిని వెనక్కు తీసుకుంటాను. ఒక హెచ్చరిక మాత్రం చెయ్యాలి. చెవిలోనూ మెడలోనూ వచ్చే వేరే కంతులకు కూడా గ్లోమస్ అన్న పేరు వాడుకలో ఉంది. అవి నరజాలానికి చెందిన వేరే వంశం. ఊరికిద్దరు వెంకట్రావులున్నట్టు, పేరు ఒకటైనంత మాత్రాన చుట్టాలు కారు.

తరువాతి కాలంలో అమెరికాలో మర్రే, స్టౌట్ అనే ఇద్దరు ఈ కంతి కణాలను శరీరం వెలుపల గాజుపాత్రలో పెంచి చూసి, వాటి జన్మస్థానం గురించి 1942లో మరికొంత తేల్చారు. నావంటివాడికి ఆ చర్చ లోతు అందదు. నాకు ఆసక్తి కలిగించింది ఆ తరువాతి కథ.

కంతి ఏమిటో తెలిసింది, సరే. అయితే గోటికింద రెండు మూడు మిల్లీమీటర్ల గింజ ఉన్నదని పైనుంచి ఎట్లా కనిపెట్టడం? కొందరికి గోరు మీద నీలపు మచ్చ ఉంటుంది, కొందరికి నిలువు గీత పడుతుంది. చాలాకాలం ఒత్తుకుంటే లోపలి ఎముకలో సొట్ట పడి ఎక్స్‌రేలో తెలుస్తుంది. ఇవేవీ లేనివారూ ఉంటారు. మేయో క్లినిక్‌లో మెదడూ నరాలూ చూసే శస్త్రవైద్యుడు గ్రాఫ్టన్ లవ్ 1944లో దీనికి చెప్పిన ఉపాయం వింటే నవ్వు వస్తుంది. గుండుసూది తిరగేసి పట్టుకోవాలి. దాని తలతో గోటిమీద చుక్క చుక్కగా నొక్కుతూ పోవాలి. కంతి ఉన్న చుక్కమీద నొక్కగానే రోగి ఎగిరిపడతాడు. దానికి వెంట్రుకవాసి పక్కన నొక్కితే ఉలకడు, పలకడు. వైద్యగ్రంథాల్లో దీనిని లవ్ పరీక్ష అంటారు, కుర్రవాళ్ళు వేరే అర్థం తీసుకోరాదు.

1970లో హిల్డ్రెత్ అనే వైద్యుడు దీనికి తోడుగా మరొకటి చెప్పాడు. చెయ్యి పైకెత్తి రక్తం కిందికి దిగనివ్వాలి. రక్తపోటు చూసే పట్టీ భుజానికి కట్టి, గాలి నింపి, రక్తం రాకుండా ఆపాలి. ఇప్పుడు అదే చుక్కమీద నొక్కితే నొప్పి ఉండదు. పట్టీ వదలగానే రక్తమూ నొప్పీ కలిసి తిరిగివస్తాయి. కంతి రక్తనాళానిది గనుక రక్తం లేనప్పుడు నోరెత్తదన్నమాట. ఎంత చక్కని న్యాయనిరూపణ! అన్వయమూ వ్యతిరేకమూ రెండూ ఉన్నాయి. మన తార్కికులు చూస్తే మెచ్చుకునేవారు.

చన్నీళ్ళకు పోటు, ఒక్క చుక్కమీదనే నొప్పి, అప్పుడప్పుడు దానంతటదే వచ్చే సలుపు, ఈ మూడూ కలిస్తే గ్లోమస్‌ను అనుమానించాలని ఇప్పుడు వైద్యవిద్యార్థులు చదువుకుంటున్నారు. ఎమ్మారై చిత్రాలూ అల్ట్రాసౌండూ కూడా సాయపడుతున్నాయి. అయినా మరీ చిన్న కంతి ఎమ్మారైకి సైతం చిక్కకపోవచ్చు. గోటికింద వచ్చేవి ఎక్కువగా స్త్రీలలో, నడివయసులో కనిపిస్తాయి. సరైన పేరు తెలిసేసరికి ఏళ్ళు గడవడం ఈనాటికీ మామూలే. నడివయసు స్త్రీ, కంటికి కనబడని నొప్పి, ఈ రెండూ కలిసినచోట బెంగ అనో చాదస్తమనో తేల్చెయ్యడం సులువు. ఆ పని నేనూ చేశాను గనుక వైద్యులను మాత్రమే నిందించను.

2014లో మావూరికి వంద మైళ్ళ దూరంలో ఒక పెద్దాసుపత్రిలో, చేతుల శస్త్రచికిత్స నేర్చిన ఒక కుర్ర డాక్టరు ఆవిడ చెప్పిందంతా విన్నాడు. మధ్యలో అడ్డురాలేదు. అంతా అయ్యాక "చన్నీళ్ళు తగిలితే ఎక్కువవుతుందా అమ్మా?" అని ఒక్క ప్రశ్న వేశాడు. బల్లమీది గుండుసూది తిరగేసి గోటిమీద రెండుచోట్ల నొక్కాడు. మూడోచోట ఆవిడ కేక పెట్టింది. ఆయన పెన్నుతో అక్కడ చుక్క పెట్టి, "ఇదేనమ్మా" అన్నాడు. ఆవిడ ఏడ్చింది. నొప్పికి అనుకున్నాను. కాదని తరువాత చెప్పింది.

శస్త్రచికిత్స గంట కూడా పట్టదు. వేలి మొదట్లో సూదిమందు ఇచ్చి మొద్దుబారుస్తారు. రబ్బరుతో బిగించి రక్తం ఆపుతారు, లేకపోతే అంత చిన్న గింజ నెత్తుటిలో కలిసిపోతుంది. గోరు ఎత్తి, కింది మెత్తని పొరను నిలువుగా కోసి, భూతద్దాలు పెట్టుకుని కంతిని పైపొరతో సహా ఒలిచి తీస్తారు. ఆ పొరను వెంట్రుకవంటి దారంతో కుట్టి, పైన గోటినే మూతగా పెట్టేవారున్నారు. గోరు చెడుతుందని పక్కనుంచి కోసి వెళ్ళే పద్ధతి కూడా ఉంది. దానివల్ల గోరు దక్కుతుంది గాని లోపల సరిగా కనిపించదు. రవ్వంత మిగిలినా బాధ మిగిలినట్టే. ఒకటికి మించి కంతులు వచ్చేవారిలో న్యూరోఫైబ్రొమటోసిస్ అనే వంశపారంపర్య వ్యాధి ఉందేమో చూడాలని 2009లో వెలువడిన పరిశోధన చెబుతోంది. మావిడకు ఒక్కటే.

డాక్టరు సీసాలో వేసి చూపించాడు. ముత్యపు గింజ అయినా లేదు, రాగి గింజకన్న కొంచెం పెద్దది. ఎనిమిదేళ్ళు.

గోరు పూర్తిగా పెరగడానికి ఆరు నెలలు పట్టింది. నడుమ సన్నని గీత మిగిలింది. మొన్న ఈ టపా చిత్తుప్రతిని ఆవిడకు చదివి వినిపించాను. వుడ్ దగ్గరకు రాగానే ఆపి, "పద్ధెనిమిది వందల పన్నెండులోనే రాసిపెట్టారా?" అని అడిగింది. అవునన్నాను. అంత దూరంనుంచి మన డాక్టర్లదాకా రావాలంటే ఆలస్యం కాదా అని సమర్థించబోయాను.

"డాక్టర్ల సంగతి సరేనండీ, ఎడింబరో నుంచి ఇక్కడికి ఎంత దూరమో నాకు తెలియదు గాని, వంటింట్లోంచి మీ పడక్కుర్చీ దాకా పది అడుగులే కదా" అంది.