ద్వారం వెంకటస్వామి నాయుడు

ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) కర్ణాటక సంగీతంలో వయొలిన్ విద్వాంసుడు, ఆచార్యుడు. బెంగళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగారు. తొలి గురువు అన్నగారు వెంకటకృష్ణయ్య. చిన్ననాటి నుంచీ చూపు మందం.

1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల ఏర్పడింది. తొలి అధ్యక్షులు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు. అక్కడ విద్యార్థిగా చేరడానికి వెళ్లిన నాయుడుగారి వాద్యం విన్నాక ఆయనకు ఆచార్య పదవే ఇచ్చారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఆరు. 1936లో తానే అధ్యక్షులయ్యారు.  

బాలుస్వామి దీక్షితులు కర్ణాటక సంగీతానికి అలవరచిన నాటి నుంచీ వయొలిన్ ప్రధానంగా గాయకులకు పక్కవాద్యం. దాన్ని ఒంటరిగా నిండు కచేరీ నడిపే వాద్యంగా శ్రోతల మనసులో నిలిపినవారిలో నాయుడుగారు అగ్రగణ్యులు. పాశ్చాత్యుల కమాను పద్ధతిని శ్రద్ధగా గమనించి, దాన్ని గమకానికి లొంగదీశారు. నాదంలో నిండుదనం, మృదుత్వం కలిసి రావడం అరుదు. ఆయన గొప్పతనమంతా అక్కడే ఉందనిపిస్తుంది. పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనుహిన్ కూడా ఆయన వాద్యాన్ని మెచ్చుకున్నారు.

సంగీత కళానిధి (1941), సంగీత నాటక అకాడమీ పురస్కారం (1953), పద్మశ్రీ (1957) అందుకున్నారు. కుమార్తె మంగతాయారు, కుమారుడు భావనారాయణరావు ఆయన బాణీని కొనసాగించారు.