బజారు మాటకు రంగస్థలం మీద పీట వేసిన హబీబ్ తన్వీర్

సినిమా వేషాల కోసం బొంబాయికి రైలెక్కిన వారిని మనం ఎందరినో ఎరుగుదుము. బొంబాయిలో సినిమా, రేడియో అవకాశాలు చేతిలో ఉండగా, నాటకం కోసం వాటిని వదిలి ఢిల్లీ రైలెక్కినవారు మాత్రం అరుదు. జనాబ్ హబీబ్ తన్వీర్ సాహెబ్ అలాంటి మనిషి.

ఆయన 1923 సెప్టెంబర్ 1న రాయపూర్‌లో జన్మించారు. తండ్రిగారు పెషావర్ నుంచి వచ్చి అక్కడ స్థిరపడినవారు. అసలు పేరు హబీబ్ అహ్మద్ ఖాన్. ‘తన్వీర్’ కవిత్వం కోసం పెట్టుకున్న తఖల్లుస్. చివరకు అదే పేరుగా నిలిచిపోయింది. 1944లో నాగపూర్ మోరిస్ కాలేజీలో బి.ఎ., కొన్నాళ్ళు అలీగఢ్, 1945లో బొంబాయి. అక్కడ రేడియోలో ఉద్యోగం, సినిమాలకు పాటలు, చిన్న వేషాలు, ఇప్టాలో నాటకాలు.

1954లో ఢిల్లీ చేరి ‘ఆగ్రా బజార్’ రాశారు. నజీర్ అక్బరాబాదీ మీద నాటకం అది. నజీర్ 1830లో గతించిన ఉర్దూ కవి. రొట్టె మీద, గాలిపటం మీద, ఎలుగుబంటి పిల్ల మీద కూడా కవిత్వం చెప్పినవాడు. అందుకే ఆనాటి పండితులు ఆయన్ని లెక్కలో వేసుకోలేదు. నాటకంలో తమాషా ఏమిటంటే, నజీర్ ఒక్కసారి కూడా రంగం మీదకు రాడు! ఒక దోసకాయలవాడు ఉంటాడు. సరుకు అమ్ముడు పోక, దోసకాయ మీద నాలుగు పంక్తులు రాసిపెట్టమని కవులను బతిమాలుకుంటాడు. అందరూ ఛీకొట్టి పంపిస్తారు. చివరికి నజీర్ రాసిస్తాడు. వాడు పాడుకుంటూ అమ్ముకుంటాడు. జామియా మిల్లియా విద్యార్థులతోబాటు పక్కనున్న ఓఖ్లా గ్రామస్థులే అందులో నటులు.

తర్వాత 1955లో ఇంగ్లాండు వెళ్ళి నాటక విద్య చదివారు. బెర్లిన్‌లో బ్రెహ్ట్ నాటకాలు చూశారు. 1958లో తిరిగివచ్చి శూద్రకుని ‘మృచ్ఛకటికం’ను ‘మిట్టీ కీ గాడీ’గా ఆడించారు. దానికోసం ఛత్తీస్‌గఢ్ ‘నాచా’ కళాకారులను ఆరుగురిని వెంటబెట్టుకు వచ్చారు. మరుసటి ఏడు భార్య మోనికా మిశ్రాతో కలిసి ‘నయా థియేటర్’ స్థాపించారు.

అసలు కష్టం ఇక్కడే వచ్చింది. పల్లెలో జనాన్ని కడుపుబ్బ నవ్వించే ఆ నటులు ఢిల్లీ రంగస్థలం మీద కట్టెల్లా బిగుసుకుపోయేవారు. ఎందువల్ల? ఏళ్ళ తరబడి తల బద్దలు కొట్టుకున్నాక తన్వీర్ గారికి తెలిసివచ్చింది: తప్పు వాళ్ళది కాదు, తనది. వాళ్ళచేత హిందీ పలికించడం ఒక తప్పు. కుడికి రెండడుగులు, ఎడమకు మూడడుగులు అని గీత గీసి నడిపించడం రెండోది. మూడు వైపులా జనం కూర్చునే నాచాలో, ఎటు నవ్వు వినిపిస్తే అటు తిరిగి మాట అందుకోవడం వాళ్ళకు అలవాటు. ఇంట్లో మాట్లాడే ఉర్దూ నలుగురిలో మాట్లాడితే ‘ఇదేం ఉర్దూ’ అంటారేమోనని జంకే మన తెలుగు జిల్లాల వాళ్ళకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు గదా! పైగా ఇంగ్లాండులో చదివొచ్చిన దర్శకుడు తన తప్పు తానే బాహాటంగా ఒప్పుకోవడం చిన్న విషయమా?

1973లో రాయపూర్‌లో నాచా కళాకారులతో శిబిరం పెట్టి, వాళ్ళ మాట వాళ్ళనే మాట్లాడనిచ్చారు. ఆ దారిలోనే 1975లో ‘చరణ్‌దాస్ చోర్’ వచ్చింది. విజయదాన్ దేథా చెప్పిన రాజస్థానీ జానపద కథ దీనికి ఆధారం. బంగారు పళ్ళెంలో తినను, ఏనుగెక్కి ఊరేగను, రాణిని పెళ్ళాడను, రాజ్యమేలను అని ఒక దొంగ గురువు దగ్గర వేళాకోళానికి ఒట్లు వేస్తాడు. అబద్ధమాడవద్దని గురువు ఇంకొకటి కలుపుతాడు. అవన్నీ నిజంగానే ఎదురొస్తాయి. దొంగ మాట తప్పడు, ప్రాణం పోగొట్టుకుంటాడు. శ్యాం బెనెగళ్ ఆ ఏడే దీన్ని పిల్లల సినిమాగా తీశారు. స్మితా పాటిల్‌తోబాటు నయా థియేటర్ నటులే తెర మీద కనిపిస్తారు. 1982లో ఈ నాటకానికి ఎడింబరో ఉత్సవంలో ‘ఫ్రింజ్ ఫస్ట్’ బహుమతి వచ్చింది.

అదే ఏడు విడుదలైన ‘గాంధీ’ సినిమాలోనూ తన్వీర్ గారు చిన్న వేషం వేశారు. 1972 నుంచి 1978 వరకు రాజ్యసభ సభ్యులు. 1983లో పద్మశ్రీ, 2002లో పద్మభూషణ్. 2009 జూన్ 8న భోపాల్‌లో కన్నుమూశారు. ఆ తర్వాత నయా థియేటర్ బాధ్యతను కుమార్తె నగీన్ తన్వీర్ తలకెత్తుకున్నారు. తండ్రి నాటకాల్లోని ఛత్తీస్‌గఢీ పాటలు పాడేదీ ఆమే.