'ఆస్క్ ఎ లైబ్రేరియన్' బటన్ వెనుక ఉండేదెవరు? వర్చువల్ రిఫరెన్స్ లైబ్రేరియన్లు ఏం చేస్తారు, ఆ ఉద్యోగానికి ఏం చదవాలి?

రాత్రి 11 గంటలైంది. రేపు ఉదయానికి రీసెర్చ్ పేపర్ ఇవ్వాలి. ఏఐ చాట్‌బాట్ చెప్పిన ఆరు రిఫరెన్సుల్లో రెండు ఎక్కడ వెతికినా దొరకడం లేదు. అమెరికాలో ఎంఎస్ చదువుతున్న మన విద్యార్థి ఒకరు ఈ స్థితిలో ఉన్నారనుకోండి. వారి యూనివర్సిటీ లైబ్రరీ వెబ్‌సైట్లో ఒక మూలన 'ఆస్క్ ఎ లైబ్రేరియన్' అనే చిన్న బటన్ కనిపిస్తుంది. కస్టమర్ కేర్ బాట్ అయి ఉంటుందిలే అని చాలామంది దాన్ని పట్టించుకోరు.

నిజానికి చాలా లైబ్రరీల్లో ఆ బటన్ నొక్కితే అవతల జవాబిచ్చేది మనిషే. సాధారణంగా లైబ్రరీ సైన్స్‌లో పీజీ చేసిన లైబ్రేరియన్, లేదంటే వారి దగ్గర శిక్షణ పొందిన సిబ్బంది ఉంటారు. ఈ సాయానికి విడిగా ఫీజు ఉండదు. విద్యార్థి కట్టిన ఫీజులోనో, ప్రజలు కట్టిన పన్నులోనో దాని ఖర్చు ఎప్పుడో కలిసిపోయింది.

దీన్నే 'వర్చువల్ రిఫరెన్స్ సర్వీస్' అంటారు. ఇదెలా పనిచేస్తుంది? ఆ లైబ్రేరియన్లకు ఉండే ప్రత్యేక నైపుణ్యం ఏమిటి? ఈ రంగంలోకి వెళ్లాలంటే ఏం చదవాలి?

ఏమిటీ సర్వీస్?

లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే కౌంటర్ కాకుండా ఇంకో డెస్క్ ఉంటుంది. 'నాకు ఫలానా సమాచారం కావాలి, ఎక్కడ దొరుకుతుంది?' అని అడిగే చోటు అది. దాన్ని రిఫరెన్స్ డెస్క్ అంటారు. అదే పనిని చాట్, ఈమెయిల్, వెబ్ ఫారం, టెక్స్ట్ మెసేజ్, వీడియో కాల్ ద్వారా చేస్తే వర్చువల్ రిఫరెన్స్ అవుతుంది.

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్. అక్కడి వెబ్ ఫారంలో ముందు మీ ప్రశ్న ఏ విభాగానికి చెందిందో ఎంచుకోవాలి. చట్టాలు, మ్యాపులు, పాత వార్తాపత్రికలు, ఆసియా సేకరణలు ఇలా విభాగాలు ఉంటాయి. ప్రశ్న నేరుగా ఆ విభాగంలోని నిపుణులకు వెళ్తుంది. జవాబు రావడానికి కొన్ని పనిదినాలు పట్టొచ్చు. అమెరికా పౌరులే అడగాలన్న నిబంధన లేదు. హైదరాబాద్ నుంచైనా, విశాఖ నుంచైనా అడగవచ్చు.

ఈ లైబ్రరీకి దిల్లీలో ఒక కార్యాలయం ఉంది. 1960ల నుంచి అది భారతీయ భాషల పుస్తకాలను సేకరించి వాషింగ్టన్‌కు పంపుతోంది. వాటిలో తెలుగు పుస్తకాలూ ఉన్నాయి.

ఎలా మొదలైంది?

పాఠకుడు అడిగితే సాయం చేయడం లైబ్రేరియన్ బాధ్యత అనే ఆలోచనకు దాదాపు 150 ఏళ్లు. అమెరికాలోని వూస్టర్ పబ్లిక్ లైబ్రరీకి చెందిన శామ్యూల్ గ్రీన్ 1876లో దీనిపై రాసిన వ్యాసాన్ని రిఫరెన్స్ సర్వీస్‌కు ఆరంభంగా చెబుతారు. మన దేశంలో ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రతిపాదించిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయాన్ని ఆదా చేయాలని చెబుతుంది. ఈ సర్వీస్ వెనకున్న సూత్రం కూడా అదే.

ఉత్తరాలు, టెలిఫోన్ తర్వాత ఇంటర్నెట్ వంతు వచ్చింది. 1995లో మిషిగన్ యూనివర్సిటీలో ఒక తరగతి ప్రాజెక్టుగా 'ఇంటర్నెట్ పబ్లిక్ లైబ్రరీ' మొదలైంది. ఎక్కడివారైనా ప్రశ్న పంపితే లైబ్రేరియన్లు, లైబ్రరీ సైన్స్ విద్యార్థులు జవాబు రాసేవారు. 2000లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మరికొన్ని లైబ్రరీలతో కలిసి ప్రశ్నలను పంచుకునే ప్రయోగం చేసింది. అది 2002లో ఓసీఎల్‌సీ సంస్థతో కలిసి 'క్వశ్చన్‌పాయింట్' అనే వ్యవస్థగా మారింది. 2019లో దాన్ని స్ప్రింగ్‌షేర్ సంస్థ తీసుకుంది.

ఈ సహకార పద్ధతి వల్లే రాత్రి 11 గంటలకు కూడా జవాబు దొరుకుతుంది. మీ యూనివర్సిటీ లైబ్రేరియన్ ఇంటికి వెళ్లిపోయినా, అదే నెట్‌వర్క్‌లో ఉన్న మరో రాష్ట్రపు లైబ్రేరియన్ మీ చాట్ అందుకుంటారు. మీ లైబ్రరీ నిబంధనలు, డేటాబేస్‌ల వివరాలు వారి స్క్రీన్ మీద ఉంటాయి. తాము తేల్చలేని ప్రశ్నను మరుసటి రోజు మీ లైబ్రరీ వాళ్లే చూసేలా పంపిస్తారు.

గూగుల్ ఉండగా లైబ్రేరియన్ ఎందుకు?

జనం మొదట అడిగే ప్రశ్న చాలాసార్లు వారికి కావాల్సిన ప్రశ్న అయి ఉండదు. రాబర్ట్ టేలర్ అనే పరిశోధకుడు 1968లోనే ఈ విషయాన్ని వివరించారు. మనసులో ఉన్న అవసరం ఒకటైతే, 'లైబ్రరీలో ఇలా అడిగితే దొరుకుతుందేమో' అని సర్దుకుని మాటల్లో పెట్టేది మరొకటి. ఈ రెంటి మధ్య దూరాన్ని తగ్గించడమే లైబ్రేరియన్ అసలు పని. దీనికి వారు పెట్టుకున్న పేరు 'రిఫరెన్స్ ఇంటర్వ్యూ'.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకరు చాట్‌లో 'హైదరాబాద్ చరిత్ర మీద పుస్తకాలు ఉన్నాయా?' అని అడిగారనుకుందాం. సెర్చ్ ఇంజిన్ వెంటనే వేల ఫలితాలు చూపిస్తుంది. లైబ్రేరియన్ మాత్రం తిరిగి అడుగుతారు.

'తప్పకుండా చూద్దాం. మీరు ఏ కాలం గురించి చూస్తున్నారు?'

'వందేళ్ల కిందటిది.'

'ప్రత్యేకంగా ఏదైనా సంఘటన గురించా?'

'మూసీ వరదలండి. మా ముత్తాత గారి ఇల్లు అందులో పోయిందని ఇంట్లో చెబుతారు. ఏయే పేటలు మునిగాయో తెలుసుకోవాలి.'

మూడు మాటల్లో ప్రశ్న మారిపోయింది. ఇప్పుడు కావాల్సింది నగర చరిత్ర పుస్తకం కాదు. 1908 సెప్టెంబరు 28 నాటి వరద గురించి అప్పటి పత్రికలు రాసిన వార్తలు కావాలి. వరదల తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నివేదికలు చూడాలి. ఆ తర్వాతి సంవత్సరాల్లో లియొనార్డ్ మున్ ఆధ్వర్యంలో తయారైన మున్సిపల్ సర్వే మ్యాపుల్లో ఆ పేటలను గుర్తించాలి. అసలు రికార్డులు కావాలంటే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడగాలి. ఈ దారి చూపించగలగడమే వారి నైపుణ్యం.

వారికి ఏమేం వచ్చి ఉండాలి?

అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్‌లోని రిఫరెన్స్ విభాగం ఇందుకు మార్గదర్శకాలు రూపొందించింది. సులువుగా అందుబాటులో ఉండటం, ప్రశ్నపై ఆసక్తి చూపడం, విని తిరిగి అడగడం, వెతకడం, చివర్లో 'మీకు కావాల్సింది దొరికిందా?' అని కనుక్కోవడం అందులోని ముఖ్యాంశాలు. స్క్రీన్ మీద వీటిని పాటించడం డెస్క్ దగ్గరకంటే కష్టం. అవతలి మనిషి ముఖం కనిపించదు, గొంతు వినిపించదు. అందుకే కింది నైపుణ్యాలు అవసరమవుతాయి.

రాతలో మాట్లాడటం: వెతకడానికి అయిదు నిమిషాలు పడితే, ఆ అయిదు నిమిషాలూ మౌనంగా ఉంటే పాఠకుడు చాట్ మూసేస్తాడు. 'ఒక డేటాబేస్ చూశాను, ఇంకోటి చూస్తున్నాను' అని మధ్యలో చెబుతుండాలి. పెద్ద జవాబును చిన్న చిన్న మెసేజ్‌లుగా పంపాలి.

ఎక్కడ ఏముందో తెలియడం: చందా కట్టిన డేటాబేస్‌లలోని సమాచారంలో చాలా భాగం మామూలు సెర్చ్‌లో పూర్తిగా తెరుచుకోదు. వైద్యం, చట్టం, ఇంజినీరింగ్, పేటెంట్లు, పాత పత్రికలు ఇలా ఒక్కో రంగానికి ఒక్కో దారి ఉంటుంది.

ఆధారం చూపించడం: జవాబుతోపాటు అది ఏ పుస్తకంలో, ఏ పేజీలో, ఏ రికార్డులో ఉందో చెప్పాలి. పాఠకుడు స్వయంగా సరిచూసుకునేలా ఉండాలి.

నేర్పించడం: విద్యార్థికి నేరుగా వ్యాసం ఇవ్వడమే కాకుండా, ఏ పదాలతో ఎలా వెతికితే దొరికిందో కూడా చూపిస్తారు.

గోప్యత కాపాడటం: ఎవరు ఏం అడిగారన్నది బయటపెట్టకూడదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో లైబ్రరీ రికార్డుల గోప్యతకు చట్టాలే ఉన్నాయి.

ఏం చెప్పరు?

తమ హద్దు ఎక్కడుందో తెలియడం కూడా ఈ వృత్తిలో నైపుణ్యమే. 'ఈ మందు వేసుకోవచ్చా?' అని అడిగితే లైబ్రేరియన్ అవును, కాదు అనరు. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే 'మెడ్‌లైన్‌ప్లస్' లాంటి నమ్మకమైన చోట ఆ మందు గురించిన పేజీ చూపించి, డాక్టర్‌ను అడగమంటారు. 'ఈ కేసు నేను గెలుస్తానా?' అంటే చట్టం, తీర్పులు ఎక్కడ చదవాలో చెబుతారు గానీ న్యాయ సలహా ఇవ్వరు. పాత పుస్తకానికి వెల కట్టరు. అసైన్‌మెంట్ రాసి పెట్టరు.

ఏఐ వచ్చాక ఈ పని అవసరమా?

2023లో న్యూయార్క్‌లో 'మాటా వర్సెస్ అవియాంకా' కేసు పెద్ద చర్చకు దారితీసింది. విమానయాన సంస్థపై వేసిన ఆ దావాలో న్యాయవాదులు సమర్పించిన కొన్ని పాత తీర్పులు అసలు లేనే లేవు. చాట్‌జీపీటీ కల్పించిన వాటిని వారు సరిచూసుకోకుండా కోర్టుకు ఇచ్చారు. కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసింది.

ఇలాంటి కల్పిత రిఫరెన్సులు ఇప్పుడు లైబ్రరీ చాట్‌లకూ వస్తున్నాయి. 'ఈ వ్యాసం దొరకడం లేదు, తెప్పించగలరా?' అని అడుగుతారు. జర్నల్ నిజమే, రచయిత పేరూ నిజమే, కానీ ఆ వ్యాసమే ఉండదు. జర్నల్ సంచిక, పేజీ సంఖ్యలు, డీఓఐ నంబరు పట్టుకుని అది లేదని తేల్చడం, దాని బదులు పనికొచ్చే నిజమైన వ్యాసం చూపించడం లైబ్రేరియన్ల పనిలో భాగమైంది.

కొన్ని లైబ్రరీలు పనివేళలు, పుస్తకం రెన్యువల్ వంటి మామూలు ప్రశ్నలకు ముందు బాట్‌నే పెడుతున్నాయి. మీరు మాట్లాడుతున్నది మనిషితోనా కాదా అన్న అనుమానం వస్తే నేరుగా అడగవచ్చు.

ఏం చదవాలి? జీతం ఎంత?

మన దగ్గర ఏదైనా డిగ్రీ తర్వాత ఏడాది బీఎల్‌ఐఎస్సీ, ఆ తర్వాత ఎంఎల్‌ఐఎస్సీ చేయడం మామూలు దారి. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో ఈ విభాగాలున్నాయి. ఉద్యోగం చేస్తూ చదవాలనుకునేవారికి బీఆర్ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇగ్నో ఉన్నాయి. యూనివర్సిటీ, కాలేజీ లైబ్రేరియన్ పోస్టులకు సాధారణంగా పీజీతోపాటు యూజీసీ నెట్ లేదా రాష్ట్ర స్థాయి సెట్ కావాలి. యూజీసీ వేతన స్కేలులో అసిస్టెంట్ లైబ్రేరియన్ మూల వేతనం 57,700 రూపాయల దగ్గర మొదలవుతుంది.

అమెరికాలో లైబ్రేరియన్ పోస్టులకు ఎక్కువగా అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ గుర్తింపున్న మాస్టర్స్ డిగ్రీ అడుగుతారు. న్యాయ గ్రంథాలయాల్లో దానికి తోడు లా డిగ్రీ ఉన్నవారికి ప్రాధాన్యం ఉంటుంది. అక్కడి కార్మిక గణాంకాల ప్రకారం 2023 మే నాటికి లైబ్రేరియన్ల మధ్యస్థ వార్షిక వేతనం 64,370 డాలర్లు.

'వర్చువల్ రిఫరెన్స్ లైబ్రేరియన్' అనే పేరుతోనే వచ్చే పోస్టులు తక్కువ. రిఫరెన్స్ లైబ్రేరియన్, సబ్జెక్ట్ లైబ్రేరియన్, హెల్త్ సైన్సెస్ లైబ్రేరియన్, ఈ-రిసోర్సెస్ లైబ్రేరియన్ వంటి ఉద్యోగాల్లో చాట్ డ్యూటీ ఒక భాగంగా ఉంటుంది. సహకార నెట్‌వర్క్‌లలో రాత్రి, వారాంతపు షిఫ్టులకు ఇంటి నుంచి పనిచేసేవారూ ఉంటారు.

మన రాష్ట్రాల్లో అడగొచ్చా?

అడగొచ్చు, అడగాలి కూడా. 1960 నాటి ప్రజా గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఆస్తి పన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. జిల్లా గ్రంథాలయ సంస్థలకు అది ఒక ముఖ్యమైన ఆదాయం. అంటే ఈ సెస్సుతో కలిపి ఆస్తి పన్ను కట్టే పట్టణ కుటుంబాలు ఈ సేవకు ఇప్పటికే డబ్బు కడుతున్నాయి. పోటీ పరీక్షలకు చదువుకునే చోటుగానే చాలామందికి తెలిసిన ఆ గ్రంథాలయంలో, సమాచారం అడిగే హక్కు కూడా పాఠకుడికి ఉంది.

ఐఐటీ ఖరగ్‌పూర్ నిర్వహిస్తున్న నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో పుస్తకాలు, పాఠాలు, పాత ప్రశ్నపత్రాలు ఉచితంగా వెతకవచ్చు. భారతీయ యూనివర్సిటీల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలకు ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి 'శోధ్‌గంగ' ఉంది. వీటిలో ఎలా వెతకాలో తెలియకపోతే మీ కాలేజీ లైబ్రేరియన్‌కు ఒక మెయిల్ పెట్టండి. అది కూడా వర్చువల్ రిఫరెన్సే.

అడిగేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి

1. సమాచారం ఎందుకు కావాలో ఒక్క వాక్యంలో చెప్పండి. వ్యక్తిగత కారణమైతే చెప్పకపోయినా ఫర్వాలేదు.

2. ఇప్పటికే ఎక్కడెక్కడ వెతికారో చెప్పండి. లైబ్రేరియన్ మళ్లీ అక్కడే వెతకకుండా ఉంటారు.

3. గడువు ఎప్పుడో, ఏ భాషలో కావాలో చెప్పండి.

4. ఏఐ ఇచ్చిన రిఫరెన్స్ అయితే దాచకుండా చెప్పండి. దాన్నెవరూ తప్పు పట్టరు, వెతుకులాట త్వరగా తేలుతుంది.

5. ఆధార్, బ్యాంకు, ఆరోగ్య వివరాలు చాట్‌లో రాయకండి. లైబ్రేరియన్లకు అవి అవసరం లేదు.

6. వచ్చిన జవాబు మీకు కావాల్సింది కాకపోతే మొహమాటపడకుండా చెప్పండి. మళ్లీ అడిగించుకోవడం వారి ఉద్యోగంలో భాగమే.