గట్టు మీది పడవ

మొన్న జులైలో నా పడవకు సొట్ట పడింది. నీళ్ళలో కాదు, రాయికి కొట్టుకునీ కాదు. సియాటిల్ శివారులో మా ఇంటి ముందు, కారు టాపు మీద ఉత్తపుణ్యానికి కూర్చుని ఉండగా పడింది. ఆదివారం పొద్దున్నే సమామిష్ సరస్సుకు పోవాలని శనివారం మధ్యాహ్నమే కయాక్ పైకెక్కించాను. దారిలో జారిపోతుందేమోనన్న భయంతో పట్టీలను బలమంతా పెట్టి లాగి కట్టాను. ఎండకు ప్లాస్టిక్ మెత్తబడింది. సాయంత్రం చూస్తే అడ్డకమ్మీ ఆనిన చోట అడుగు లోపలికి పోయి, అరచేయి పట్టేంత గుంట.

మాది పాలమూరు వైపు, కృష్ణ ఒడ్డు. చిన్నప్పుడు బీచుపల్లి రేవులో పుట్టి, అంటే బుట్టపడవ, నడిపే ముసలాయన ఒకడుండేవాడు. ఒడ్డుకు రాగానే పుట్టిని బోర్లించి నెత్తికెత్తుకునేవాడు. దూరం నుంచి చూస్తే తాబేలు లేచి రెండు కాళ్ళ మీద నడిచిపోతున్నట్టుండేది. ఇసుకలో లాక్కుపోతే సులువు కదా అని ఒకసారి అడిగాను. "పుట్టి నీళ్ళల్ల ఖరాబు గాదు బిడ్డా, గడ్డ మీదనే అయితది" అన్నాడు. ముసలాళ్ళు ఏదో ఒకటి అంటూనే ఉంటారు కదా అనుకుని ఆ మాట అక్కడే వదిలేశాను. సొట్ట పడిన రోజు రాత్రి గుర్తొచ్చింది.

పుట్టికి బలమంతా అంచులో ఉంటుంది. వెదురు బద్దల అల్లిక కాబట్టి నీళ్ళు అన్ని వైపుల నుంచీ సమంగా ఒత్తితే పొట్ట తట్టుకుంటుంది, ఒక్కచోట పొడుచుకుంటే తట్టుకోదు. ఇప్పుడు దానికి తారు పూసిన ప్లాస్టిక్ సంచులు తొడుగుతున్నారు. వెనకట తోలే. 1520 ప్రాంతంలో విజయనగరం చూడవచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ తుంగభద్ర మీద ఈ పుట్టులు చూసి, బుట్టల్లా గుండ్రంగా ఉన్నాయి, లోపల బెత్తం, బయట తోలు, పదిహేను ఇరవై మందిని దాటిస్తాయి, అవసరపడితే గుర్రాలూ ఎడ్లూ కూడా ఎక్కుతాయి అని రాసుకున్నాడు.

కయాక్ కూడా పుట్టి కులానిదే. అదీ తోలు పడవే. గ్రీన్‌లాండ్‌లో పడవకు పనికొచ్చే చెట్టు పెరగదు. సైబీరియా నదులు సముద్రంలోకి తోసిన మానులు ప్రవాహాల్లో పడి కొట్టుకొచ్చి ఒడ్డుకు చేరితే, అక్కడి ఇన్యూట్‌ ప్రజలు వాటిని చీల్చి ఎముకల గూడులాంటి చట్రం కట్టేవారు. మేకు ఉండదు, నరాలతో కట్టే. ఆడవాళ్ళు సీల్ తోళ్ళు కుట్టి దాని మీద బిగించేవారు. అలలో వంగుతుంది, విరగదు. అయితే ఒడ్డుకొచ్చాక దానికి పెద్ద గండం కుక్క. బండి లాగే కుక్కలు ఆకలేస్తే తోలు పడవను కొరికి తినేస్తాయి. అందుకే వాటికి అందని ఎత్తులో మంచెలు కట్టి పడవను వాటి మీద పెట్టేవారు. గాలి ఆడి తోలు ఆరేది కూడా. ఈనాటి కారు టాపు మీది స్టాండుకు ముత్తాత అదేనని నా లెక్క.

మోతలో దెబ్బతినకుండా పడవను కాపాడే విద్యను నాన్సెన్ అంత కష్టపడి నేర్చుకున్న మనిషి మరొకడు నాకు కనిపించలేదు. 1895 మార్చి 14న నార్వేకు చెందిన ఫ్రిట్యోఫ్ నాన్సెన్, యాల్మార్ యొహాన్సెన్ అనే ఇద్దరు మంచులో ఇరుక్కున్న 'ఫ్రామ్' ఓడ దిగి ఉత్తర ధ్రువం వైపు నడిచారు. మూడు జారుబండ్లు, 28 కుక్కలు, వెదురు చట్రానికి కాన్వాసు తొడిగిన రెండు కయాక్‌లు. మంచు అయిపోయి సముద్రం మొదలయ్యే చోట ఆ కయాక్‌లే దిక్కు. అప్పటిదాకా మాత్రం బండి మీద బరువే. బండి పలకకూ పడవ అడుగుకూ మధ్య ఏదో ఒక మెత్త ఉండాలి. ధ్రువానికి పోయేవాడు మెత్తల కోసం వేరే బరువు మోయగలడా? అందుకని తిండి సంచులనే పడవ అడుగు వంపుకు సరిపోయేట్టు మలిచి, గట్టిపడనిచ్చి, కింద పరిచారు. మెత్త అయినా మేత అయినా అదే. ఈ రోజు అంగట్లో దొరికే కయాక్ దిమ్మలు, పడవ అడుగు వంపుకు ఒదిగేవి, చేసే పని ఇదే. తినడానికి మాత్రం పనికిరావు.

అంత చేసినా చాలలేదు. మంచు పలకలు ఒకదాన్నొకటి గుద్దుకుని లేచిన గుట్టల మీద బండ్లు పదేపదే తిరగబడ్డాయి. కాన్వాసు చిరిగింది, వెదురు బద్దలు విరిగాయి. ఏప్రిల్‌లో ఉత్తర అక్షాంశం 86 డిగ్రీల 14 నిమిషాల దగ్గర వెనక్కి తిరిగాక, ఆ వేసవిలో రోజులకు రోజులు మంచు మీద కూర్చుని పడవలకు అతుకులు వేసుకున్నారు. ఆగస్టులో మంచు అంచు చేరాక రెండు కయాక్‌లనూ పక్కపక్కన కట్టి, తెరచాప ఎత్తి సాగిపోయారు. నీళ్ళు ఇంకా తాకకముందే బాగుచేయించుకున్న పడవలవి. ముసలాయన చెప్పింది ఇదే కదా.

వీళ్ళకు 30 ఏళ్ళ ముందే స్కాట్‌లాండ్ లాయరు జాన్ మెక్‌గ్రెగర్ 'రాబ్ రాయ్' అని పేరు పెట్టి, 15 అడుగుల ఓక్ చెక్క పడవ చేయించుకుని, 1865లో ఐరోపా నదుల్లో తిరిగాడు. నది లేని చోట రైలు, రైలు లేని చోట బండి. ఎనభై పౌన్ల ఆ పడవను తన సామానుగానే ఎక్కించుకోవాలని రైలు వాళ్ళతో వాదన. ఆ వాదన లేకుండా చేసింది జర్మన్లు. 1905లో మ్యూనిక్‌లో ఆల్ఫ్రెడ్ హాయ్‌రిష్ అనే విద్యార్థి మడతపెట్టే కయాక్ తయారుచేశాడు. రోజెన్‌హైమ్ దర్జీ యోహానెస్ క్లెపర్ ఆ హక్కులు కొని, సంచిలో పట్టే పడవలు అమ్మాడు. పడవ విప్పి భుజానికి తగిలించుకుంటే రైల్లో మీ పక్కనే కూర్చుంటుంది.

కారు వచ్చాక మడత అవసరం తగ్గింది. ఫైబర్‌గ్లాస్, ఆ తర్వాత 1970లలో అచ్చులో తిప్పి పోసిన ప్లాస్టిక్. రాళ్ళకు కొట్టుకున్నా పగలదు గానీ వేడికి లొంగుతుంది. పాత కార్ల టాపు అంచున వాననీటి గాడి ఉండేది, స్టాండు కాళ్ళు దాన్ని కరిచి పట్టుకునేవి. గాలిని కోసుకుపోయే నున్నటి కార్లు వచ్చి ఆ గాడిని మింగేశాక, ఒక్కో కారుకు ఒక్కో రకం కొక్కెం కావలసి వచ్చింది. ఆ స్టాండ్లకు పేరుమోసిన స్వీడన్ కంపెనీ థూలే. చిత్రంగా, ఇన్యూట్‌ల పూర్వీకుల సంస్కృతికి పురావస్తు శాస్త్రవేత్తలు వాడే పేరూ థూలేనే.

నా సొట్ట సంగతికొస్తే, పట్టీలు విప్పి రెండు రోజులు ఎండలో బోర్లించాను. ఏ ఎండ పాడుచేసిందో ఆ ఎండే చాలావరకు సరిచేసింది. ఇప్పుడు ప్లాస్టిక్ కయాక్‌ను బోర్లించో, పక్కకు తిప్పి అంచు మీద నిలబెట్టో కడుతున్నాను. పట్టీని చేత్తో లాగినంతే, మోకాలు ఆనించను. పట్టీకి ఒక మెలిక వేస్తే హైవే మీద బుయ్యిమని మోగదు. ఒంటరిగా ఎక్కించాలంటే కారు వెనక అంచున మా అమ్మ పంపిన వరంగల్ జంపఖానా మడిచి వేసి, దాని మీద ముక్కు ఆనించి తోస్తాను. అమ్మకు ఈ విషయం చెప్పలేదు.

డిసెంబరులో ఊరికి పోయినప్పుడు బీచుపల్లి వంతెన దగ్గర టాటా ఏస్ మీద ఒక పుట్టి కనిపించింది. బోర్లించి, అంచు కింద పాత ట్యూబు ముక్కలు పెట్టి, ఒక్క తాడుతో కట్టారు. బండి దిగి తాడును వేలితో నొక్కి చూశాను. వదులుగానే ఉంది. డ్రైవరు పిల్లాడు టీ తాగుతూ అన్నాడు: "ఎందుకన్నా ఒత్తుతున్నవ్? అదేమన్న మేకనా, పారిపోతదా?"