పిల్లల మడులు: శిశువిద్యలో తోట చరిత్ర

చిన్నపిల్లల బడిలో తోటపనిని చదువులో భాగం చేసినవారిలో ముందుగా చెప్పుకోవలసిన పేరు ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్. ఆయన 1782లో జర్మనీలోని తురింగియా అటవీ ప్రాంతంలో ఒక పాస్టరు ఇంట పుట్టాడు. ఏడాది నిండకముందే తల్లి పోయింది. పదిహేనో ఏట ఒక అటవీ ఉద్యోగి దగ్గర పని నేర్చుకోవడానికి చేరి, రెండేళ్లపాటు చెట్ల మధ్యే తిరిగాడు. తరువాత స్విట్జర్లాండులో విద్యావేత్త పెస్టలోజీ బడిలో పనిచేశాడు. బెర్లిన్‌లో స్ఫటికాలను పరిశీలించాడు. 1837లో బాట్ బ్లాంకెన్‌బుర్గ్ పట్టణంలో పసిపిల్లల కోసం ఒక సంస్థ తెరిచి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు.

ఆ తోట అమరికలోనే ఫ్రోబెల్ ఆలోచన కనిపిస్తుంది. ప్రతి బిడ్డకూ సొంతంగా ఒక చిన్న మడి ఉండేది. చోటు చాలకపోతే ఇద్దరికి ఒకటి. దాని మీద పిల్లవాడి పేరు రాసి ఉండేది. అందులో ఏం నాటాలో, ఎలా సాకాలో వాడి ఇష్టం; సరిగా చూడకపోతే మొక్క ఎండిపోతుందన్న సంగతి వాడికి కళ్లెదుటే తెలిసేది. ఈ సొంత మడులన్నిటి చుట్టూ ఉమ్మడి మడులు ఉండేవి. వాటిలో పూలు, కూరగాయలు, పొలం పంటలు వేసి, ఆ పని అందరూ కలిసి చేసేవారు. సొంతది లోపల, అందరిదీ చుట్టూ. తన మడి ఉమ్మడి నేలలో ఒక ముక్క అని నాలుగేళ్ల బిడ్డకు మాటల్లో చెప్పి ఒప్పించడం కష్టం. ఫ్రోబెల్ దాన్ని నేల మీద గీసి చూపించాడు. పర్యావరణం గురించి ఆ తరువాత వచ్చిన ఎన్నో నినాదాల కన్నా ఈ అమరికలో ముందుచూపు ఎక్కువ.

1851లో ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్లను నిషేధించింది. అవి నాస్తికతనూ సోషలిజాన్నీ నూరిపోస్తున్నాయన్నది ఆరోపణ. ఫ్రోబెల్ అన్న కొడుకు కార్ల్ రాతలను ఆయనవిగా పొరబడటం దీనికి ఒక కారణం. మరుసటి ఏడే ఫ్రోబెల్ మరణించాడు. నిషేధం 1860 వరకు తొలగలేదు. అయితే ఈలోగానూ, ఆ తరువాతా ఆయన శిష్యులు పద్ధతిని దేశాలు దాటించారు. 1856లో అమెరికాలోని వాటర్‌టౌన్‌లో, 1860లో బోస్టన్‌లో, 1876లో టోక్యోలో ఇలాంటి బడులు మొదలయ్యాయి. పిల్లల ఆటకోసం ఫ్రోబెల్ తయారుచేసిన చెక్క బంతులు, ఘనాలు పెట్టెల్లో సర్దుకుని ఎక్కడికైనా పోగలిగాయి. తోటకు మాత్రం నేల కావాలి. పట్టణాల అద్దె గదుల్లో నడిచిన చాలా బడుల్లో పెట్టెలు మిగిలి, మడులు కిటికీ దగ్గరి కుండీలకు కుదించుకుపోయాయి. ఈ నష్టాన్ని శిశువిద్య చరిత్రకారులు తగినంత పట్టించుకోలేదనిపిస్తుంది.

ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లోని సాన్ లొరెంజో పేటలో, కార్మికుల ఇళ్ల మధ్య తన తొలి బడి తెరిచారు. 1909లో వచ్చిన తన గ్రంథంలో మొక్కలు, జంతువుల పెంపకానికి ఒక అధ్యాయమే కేటాయించారు. నీళ్లకోసం మొక్క, మేతకోసం జంతువు తన మీద ఆధారపడి ఉన్నాయని తెలిసినప్పుడు, ఎవరూ చెప్పకుండానే బిడ్డకు బాధ్యత అలవడుతుందనీ, విత్తుకూ పంటకూ మధ్య ఎదురుచూడటం నేర్చుకుంటుందనీ ఆమె వాదం. 1939లో ఆమె మద్రాసు అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టారు. కోస్తాంధ్ర, రాయలసీమలకు అప్పుడు మద్రాసే రాజధాని.

భారతదేశంలో అంతకుముందే విద్యావేత్త గిజుభాయి బధేకా మాంటిస్సోరి పద్ధతి ఆధారంగా 1920లో భావ్‌నగర్‌లో బాలమందిరం అనే పసిపిల్లల బడి ప్రారంభించారు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో నేటి మహారాష్ట్రలోని బోర్డీకి, 1957లో కోస్బాడ్ కొండకు తన పనిని మార్చుకున్నారు. అక్కడ వార్లీ గిరిజనుల పిల్లలే ఎక్కువ. ఖరీదైన మాంటిస్సోరి పరికరాలు ఆ ఊళ్లకు అందేవి కావు. అందుకని తారాబాయి, ఆమె సహచరి అనుతాయి వాఘ్ గింజలు, గవ్వలు, గులకరాళ్లు, ఆకులు, పుల్లలతోనే లెక్కింపు, రంగులు, ఆకారాలు నేర్పారు. పశువులు కాసే పిల్లలు బడికి రాలేకపోతే ఉపాధ్యాయులే పచ్చిక బయళ్లకు వెళ్లి పాఠం చెప్పారు. పేదరికం వల్ల చేసిన ఏర్పాటే అయినా, ఫ్రోబెల్ కోరుకున్నదానికి ఇది చాలా బడుల కన్నా దగ్గరగా వచ్చింది. పిల్లల పెరట్లోనే, వాకిట్లోనే బడి పెట్టాలన్న వారి ప్రయోగం తరువాతి అంగన్‌వాడీలకు దారి చూపింది.

పర్యావరణం ప్రపంచ సమస్యగా చర్చకు వచ్చింది 1972 నాటి స్టాక్‌హోమ్ సదస్సుతో. 1977లో టిబిలిసి సదస్సు, పర్యావరణ విద్య బడికి ముందు దశలోనే మొదలై జీవితాంతం సాగాలని ప్రకటించింది. ఉత్తర యూరప్‌లో అప్పటికే పిల్లలను రోజూ అడవిలోకి తీసుకెళ్లే బడులు పుట్టాయి; 1950లలో డెన్మార్క్‌లో కనిపించిన ఈ పద్ధతికి జర్మనీలోని ఫ్లెన్స్‌బుర్గ్‌లో 1993లో అధికారిక గుర్తింపు దక్కింది. భారతదేశంలో న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశంగా చేయాలని ఆదేశించింది. దీనితో విషయం బడిలోకి వచ్చింది కానీ, ఎక్కువగా పుస్తకం రూపంలోనే వచ్చింది.

1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం అంగన్‌వాడీలను దేశమంతటా విస్తరించింది. ఇటీవలి ఏళ్లలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా పలు రాష్ట్రాల్లో కేంద్రాల ఆవరణలో పోషకాహార పెరటి తోటలు వేయిస్తున్నారు: తోటకూర, పాలకూర, మునగ, బొప్పాయి. వీటి తొలి ఉద్దేశం పిల్లల, గర్భిణుల కంచంలోకి ఆకుకూర చేర్చడం. విత్తడం, నీళ్లు పోయడం పిల్లల చేత చేయించిన చోట అదే తోట చదువు కూడా అవుతుంది. అద్దె ఇళ్లలో, ఒక్క గదిలో నడిచే కేంద్రాలకు మాత్రం ఇప్పటికీ నేల లేదు. అక్కడ పాత డబ్బాల్లో, బస్తాల్లో మట్టి నింపి మొక్కలు పెంచడమే మిగిలిన దారి.